గాలి గిట్టని జీవులకు మేత: ఒక సింహావలోకనం

కంపులన్నీ ఒక్కటి కావు. కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. చెడిపోయిన వెన్న వాసన బ్యుటిరిక్ ఆమ్లానిది. రోజంతా తొడిగి విప్పిన సాక్సుల వాసనలో ఐసోవలెరిక్ ఆమ్లం ఉంటుంది. మలానికి ఆ వాసన తెచ్చేవాటిలో ముఖ్యమైనవి ఇండోల్, స్కటోల్. శవం కంపులో పుట్రెసిన్, కెడావరిన్ ఉంటాయి. వీటిని పుట్టించే జీవుల్లో ఎక్కువ భాగం గాలి సోకని చోట బతికే అవాయు బాక్టీరియా. ప్రతి కంపు వెనకా ఒక మేత ఉంది. సిస్టీన్ అనే గంధకపు అమైనో ఆమ్లాన్ని తిన్న జీవి హైడ్రోజన్ సల్ఫైడ్ విడుస్తుంది. ల్యూసిన్ తిన్నది ఐసోవలెరిక్ ఆమ్లాన్ని, ట్రిప్టోఫాన్ తిన్నది ఇండోల్‌నో స్కటోల్‌నో విడుస్తుంది.

ఇలాంటి జీవిని ప్రయోగశాలలో పెంచాలంటే ముందు ఆక్సిజన్‌ను తరిమేయాలి. అయితే అది సగం పనే. అది ఏం తింటుందో కనిపెట్టి, దానికి ఒంటబట్టే రూపంలో పెట్టడం మిగతా సగం. మన పాఠ్యపుస్తకాలు మొదటి సగానికి పెద్దపీట వేస్తాయి. జాడీలు, పంపులు, గ్లవ్ బాక్సుల బొమ్మలు వేస్తాయి. మీడియం దగ్గరికి వచ్చేసరికి ఒక పట్టికతో సరిపెడతాయి. హీమిన్, విటమిన్ కె, సిస్టీన్, ఈస్ట్ సారం అంటూ విద్యార్థి బట్టీపట్టే ఆ పట్టికలో ఒక్కో వరుస వెనక ఒక్కో తరం శ్రమ ఉంది. ఆ శ్రమను వరుసగా చూస్తే, దుర్వాసనను ఛీ అని తోసేయకుండా దాని మూలం వెతికినవాళ్లు వైద్యానికీ జీవశాస్త్రానికీ ఎంత మేలు చేశారో తెలుస్తుంది.

మిరియాల నీళ్లు, పంచదార నీళ్లు

1680లో డెల్ఫ్ట్ నగరంలో ఆంటోనీ వాన్ లేవెన్‌హుక్ ఒక గాజు గొట్టంలో మిరియాల పొడి, వాననీళ్లు పోసి, దాని మూతిని మంటలో కరిగించి మూసేశారు. ఐదు రోజుల తర్వాత మూతి విరిస్తే లోపలి ద్రవం గ్యాసు ఒత్తిడికి పైకి తన్నుకొచ్చింది. ఆ ద్రవంలో సూక్ష్మజీవులు కదులుతూ కనిపించాయి. గాలి లేనిదే ప్రాణి బతకదని లోకమంతా నమ్మే రోజులవి. ఆయన తాను చూసింది చూసినట్టు లండన్ రాయల్ సొసైటీకి రాశారు. దాదాపు 230 ఏళ్ల తర్వాత, 1913లో, అదే ఊళ్లో మార్టినస్ బైయరింక్ ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసి, మూసిన గొట్టంలో పెరిగేవి అవాయు బాక్టీరియా అని నిర్ధారించారు. తనకు తెలియకుండానే లేవెన్‌హుక్ తయారుచేసిన ఆ మిరియాల నీళ్లను తొలి అవాయు మీడియం అనుకోవచ్చు.

తెలిసి చేసిన మొదటి పని లూయీ పాశ్చర్‌ది. 1861లో ఆయన బ్యుటిరిక్ పులియడాన్ని పరిశీలిస్తూ ఒక చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టారు. గాలి తగిలే అంచుల్లో జీవులు కదలిక మానేశాయి. చుక్క నడుమ ఉన్నవి హాయిగా ఈదుతున్నాయి. ఈ దృశ్యాన్ని అందరూ చెప్పుకుంటారు. అదే పరిశోధనలోని ఇంకో అంశం మరుగున పడిపోయింది. పాశ్చర్ ఆ జీవులకు పెట్టిన మేతలో మాంసరసం లేదు, పాలు లేవు. పంచదార, అమ్మోనియా లవణం, ఫాస్ఫేట్లు మాత్రమే ఉన్నాయి. ఆ కాస్త మేతతోనే అవి పెరిగి బ్యుటిరిక్ ఆమ్లం కంపు కొట్టాయి. అవాయు జీవులు ఏం తింటాయన్న ప్రశ్న ఆ రోజే పుట్టింది. 1890లలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ దాన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. నత్రజని లవణం ఏదీ వేయకుండా చక్కెర ద్రావణంలో మట్టి కలిపి, గాలిలోని నత్రజనినే తిని బ్యుటిరిక్ ఆమ్లం విడిచే క్లాస్ట్రిడియంను వేరు చేశారు. దానికి పాశ్చర్ పేరే పెట్టారు.

వ్యాధులు కలిగించే అవాయు జీవులు మాత్రం ఇంత తేలిగ్గా లొంగలేదు. 1886లో లిబోరియస్ లోతుగా పోసిన అగర్‌లో గ్లూకోజ్ కలిపి వాటిని పెంచే ప్రయత్నం చేశారు. 1889లో బెర్లిన్‌లోని కోహ్ ప్రయోగశాలలో కిటసాటో షిబాసబురో ధనుర్వాతం సూక్ష్మజీవిని శుద్ధంగా వేరు చేశారు. కలగలుపు కల్చర్‌ను 80 డిగ్రీల వేడిలో ఉంచి, స్పోర్లు లేని జీవులన్నిటినీ చంపి, మిగిలినదాన్ని హైడ్రోజన్ నింపిన పాత్రలో పెంచారు. మరుసటి ఏడాది వైల్‌తో కలిసి మీడియంలో సోడియం ఫార్మేట్ వంటి క్షయకరణ పదార్థాలు వేస్తే పెరుగుదల మెరుగవుతుందని చూపారు. ఆక్సిజన్‌ను బయట నుంచి తోలడంతో పాటు మీడియమే దాన్ని మింగేయాలన్న ఆలోచనకు అది నాంది.

ఉడికించిన మాంసం సీసా

మీడియమే ఆక్సిజన్‌ను మింగాలన్న ఆలోచనను వంటగది సరుకు నిజం చేసింది. జంతు కణజాలం ముక్క ఒకటి వేస్తే చాలు, గాలికి తెరిచి ఉన్న గొట్టంలో కూడా అవాయు జీవులు పెరుగుతాయని 1890లో థియోబాల్డ్ స్మిత్, 1905లో ఇటలీలో తరోత్సీ గమనించారు. ఈలోగా పారిస్‌లో వెయోన్, జుబేర్ 1898లో అపెండిసైటిస్ చీములోనూ, కుళ్లు వాసన వేసే ఇతర పుండ్లలోనూ ఉన్నవి అవాయు జీవులేనని, మామూలు ప్లేట్ల మీద అవి మొలకెత్తనే మొలకెత్తవని చూపించారు. దుర్వాసన ఉండి కల్చర్‌లో ఏమీ రాకపోతే అవాయు జీవిని అనుమానించాలన్న వైద్య సూత్రానికి మూలం అక్కడే ఉంది.

ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫ్రాన్స్, బెల్జియం పొలాల్లో తరతరాలుగా పశువుల ఎరువు తోలిన మట్టి సైనికుల గాయాల్లోకి చేరింది. గ్యాస్ గాంగ్రీన్ వేలమంది కాళ్లూ చేతులూ తీసింది. ఏ గాయంలో ఏ జీవి ఉందో తేల్చే పద్ధతి అత్యవసరమైంది. లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో మ్యూరియల్ రాబర్ట్‌సన్ 1916లో ప్రకటించిన ఉడికించిన మాంసం మీడియం ఆ అవసరాన్ని తీర్చింది. నేటికీ మన వైద్య కళాశాలల్లో దీన్ని ఆర్‌సీఎం అంటారు.

దీన్ని దగ్గరగా చూడటం మంచిది. ఎద్దు గుండె మాంసాన్ని కొవ్వు తీసేసి కీమాలా కొడతారు. పలుచని క్షారం కలిపిన మరిగే నీళ్లలో 20 నిమిషాలు ఉడికిస్తారు. వడకట్టి, గుడ్డ మీద ఆరబెట్టి, ఆ తునకలను సీసాలో అంగుళం ఎత్తున నింపి, పెప్టోన్ రసం పోసి, ఆటోక్లేవ్‌లో శుద్ధి చేస్తారు. చూడటానికి ఇది వంటే. రసాయనం మాత్రం లోతైనది. గుండె కండరంలోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఆక్సిజన్‌ను పట్టేస్తాయి. కండరంలోని హీమాటిన్ ఆ చర్యను త్వరపరుస్తుంది. గ్లూటాథయోన్ వంటి గంధకపు పదార్థాలు మిగిలిన ఆక్సిజన్ పని పడతాయి. తునకల అడుగున గాలి మాటే ఉండదు. వేసిన నమూనా అక్కడే మొలకెత్తుతుంది.

ఇక సీసా స్వయంగా సాక్ష్యం చెబుతుంది. చక్కెరలు తినే క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ పెరిగితే మాంసం గులాబీ రంగుకు తిరుగుతుంది, గ్యాసు బుడగలు లేస్తాయి, కంపు పెద్దగా ఉండదు. ప్రొటీన్లు తినే క్లాస్ట్రిడియం స్పోరోజినిస్ పెరిగితే తునకలు కరిగిపోతూ నల్లబడతాయి, మూత తీయగానే ముక్కు మూసుకోవాల్సి వస్తుంది. ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్‌ది. మాంసంలోని గంధకపు అమైనో ఆమ్లాల నుంచి పుట్టిన హైడ్రోజన్ సల్ఫైడ్, మాంసంలోని ఇనుముతో కలిసి నల్లని మడ్డి అవుతుంది. మేతలో తేడా రంగుగానూ వాసనగానూ బయటపడిందన్నమాట. ఖరీదైన యంత్రమేదీ లేని రోజుల్లో ఒక చిన్న సీసా ఇంత చెప్పగలగడం అవాయు శాస్త్రంలో గొప్ప ఘట్టమని నా అభిప్రాయం.

1940లో బాల్టిమోర్‌కు చెందిన బ్రూవర్ మాంసం లేకుండానే అలాంటి సౌకర్యం కల్పించారు. గ్లూకోజ్, పెప్టోన్ కలిపిన రసంలో థయోగ్లైకొలేట్ వేసి, ద్రవం కదిలి గాలి లోపలికి దిగకుండా చిటికెడు అగర్ కలిపారు. గొట్టం పైభాగం గాలి కావాల్సిన జీవులకు, అడుగు అవాయు జీవులకు. మందుల్లో సూక్ష్మజీవులు లేవని పరీక్షించే ప్రయోగశాలల్లో ఈ మీడియం ఇప్పటికీ తప్పనిసరి.

అమైనో ఆమ్లాల జంట

మాంసం మీడియం పనిచేసింది గానీ అందులో ఏది ఆహారమో, ఏది ఆసరానో తేలలేదు. ఆ ముడి విప్పడానికి వాసనల రసాయనం దారి చూపింది. జర్మనీకి చెందిన లుడ్విగ్ బ్రీగర్ 1877లో మలం నుంచి స్కటోల్‌ను, 1885లో కుళ్లిన కళేబరాల నుంచి పుట్రెసిన్, కెడావరిన్‌లను వేరు చేశారు. 1901లో కేంబ్రిడ్జ్‌లో హాప్కిన్స్, కోల్ ట్రిప్టోఫాన్‌ను శుద్ధంగా తీశారు. రెండేళ్ల తర్వాత, బాక్టీరియా దాన్ని తిని ఇండోల్ విడుస్తాయని చూపారు. అప్పటి నుంచి ఒక్కో దుర్వాసనకూ ఒక్కో అమైనో ఆమ్లం చిరునామా దొరకసాగింది. ఆర్నిథిన్ నుంచి పుట్రెసిన్, లైసిన్ నుంచి కెడావరిన్, మెథియోనిన్ నుంచి మిథైల్ మెర్కాప్టాన్ పుడతాయని తేలింది.

చక్కెర దొరకని చోట ఈ జీవులు అమైనో ఆమ్లాలతోనే ఎలా బతుకుతున్నాయి? ఆక్సిజన్ లేకుండా దేన్నైనా ఆక్సీకరించాలంటే ఆ ఎలక్ట్రాన్లను అందుకునేది ఇంకేదైనా ఉండాలి కదా? 1934లో కేంబ్రిడ్జ్‌లో స్టిక్లండ్ స్పోరోజినిస్ కణాలను కడిగి, శుద్ధమైన అమైనో ఆమ్లాలను ఒక్కొక్కటిగా పెట్టి చూశారు. ఎలనిన్ ఒక్కటే పెడితే చలనం లేదు. గ్లైసిన్ ఒక్కటే పెట్టినా లేదు. రెండూ కలిపి పెడితే చకచకా తినేశాయి. ఎలనిన్ ఎలక్ట్రాన్లు ఇస్తుంది, గ్లైసిన్ పుచ్చుకుంటుంది. ఒక ఎలనిన్, రెండు గ్లైసిన్లు కలిసి మూడు ఎసిటిక్ ఆమ్లాలు, మూడు అమ్మోనియాలు, ఒక కార్బన్ డయాక్సైడ్‌గా మారతాయి. స్టిక్లండ్ చర్యగా ఇది జీవరసాయన శాస్త్రంలో నిలిచిపోయింది.

వేలిన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్ ఈ చర్యలో ఎలక్ట్రాన్లు ఇచ్చే పక్షం. అవి వరుసగా ఐసోబ్యుటిరిక్, ఐసోవలెరిక్, 2-మిథైల్‌బ్యుటిరిక్ ఆమ్లాలవుతాయి. ముక్కుపుటాలదిరే ఆ కంపులో ఈ కొమ్మల గొలుసు ఆమ్లాల వాటా ఉంది. ఒక అమైనో ఆమ్లం ఎంత ఉన్నా జతది లేకపోతే పెరుగుదల ఆగిపోతుందన్న సంగతి మీడియం తయారుచేసేవాళ్లకు కొత్త పాఠం. మొత్తం ఎంత వేశామన్నదాంతో పాటు ఏది ఎంత నిష్పత్తిలో వేశామన్నదీ లెక్కే.

విటమిన్ల వేట

సరిగ్గా ఆ కాలంలోనే లండన్‌లో పాల్ ఫిల్డెస్, నైట్ ఇంకో దిక్కు నుంచి వచ్చారు. 1929లో ఫిల్డెస్ ధనుర్వాతం స్పోర్లు మొలకెత్తడానికి మీడియం ఆక్సీకరణ-క్షయకరణ విభవం ఒక హద్దు కంటే కిందికి దిగాలని కొలతలతో చూపారు. తర్వాత స్పోరోజినిస్‌కు అమైనో ఆమ్లాలు పెట్టి చూశారు. అన్నీ వేసినా అది పెరగలేదు. ఇంకేదో అతి స్వల్పంగా కావాలి. 1933లో నైట్, ఫిల్డెస్ దాన్ని స్పోరోజినిస్ విటమిన్ అన్నారు. మనుషులకు విటమిన్లు అవసరమైనట్టే కంపుకొట్టే బాక్టీరియాకూ అవసరమన్న భావన అలా స్థిరపడింది.

దాని ఫలితాలు ఊహించని చోట కనిపించాయి. ఫిల్డెస్ బృందంలోని డొనాల్డ్ వుడ్స్ 1940లో సల్ఫా మందుల పనితీరును వెతుకుతూ, పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం ఆ మందును విఫలం చేస్తుందని కనుగొన్నారు. బాక్టీరియాకు ఆ పదార్థం ఆహారంలో భాగమని, సల్ఫా మందు దాని వేషం వేసుకుని ఎంజైమ్‌ను మోసగిస్తుందని తేల్చారు. అదే ఏడాది మెల్‌బోర్న్‌లో రబ్బో, గిలెస్పీ అదే పదార్థం ఒక అవాయు జీవికి, అంటే అసిటోన్, బ్యుటనాల్, బ్యుటిరిక్ ఆమ్లం పుట్టించే క్లాస్ట్రిడియం అసిటోబ్యుటిలికంకు, తప్పనిసరి మేత అని చూపారు.

ఈ గొలుసులోని తర్వాతి లంకె మన తెలుగువాడిది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ అణువులోని ఒక ముక్క ఇదే పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం. ఫోలిక్ ఆమ్లాన్ని వెతికి పట్టుకోవడానికి వాడిన కొలబద్ద కూడా బాక్టీరియా పెరుగుదలే. లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా ఎంత పెరిగితే నమూనాలో అంత విటమిన్ ఉన్నట్టు లెక్కగట్టేవారు. ఆ బృందమే ఫోలిక్ ఆమ్లానికి విరోధి అణువులను తయారుచేసి పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సకు దారి తెరిచింది. సూక్ష్మజీవి పళ్లెంలో ఏం వేయాలన్న ప్రశ్న గర్భిణులకు ఇచ్చే మాత్ర దాకా, క్యాన్సర్ మందు దాకా నడిపించింది.

హోరేస్ బార్కర్ చేసిన పని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. డెల్ఫ్ట్ బురద నుంచి ఆయన ఒక విచిత్ర జీవిని పట్టారు. క్లాస్ట్రిడియం క్లుయ్‌వెరి అనే ఇది ఇథైల్ ఆల్కహాల్‌నూ ఎసిటిక్ ఆమ్లాన్నీ కలిపి తిని, మేకపోతు వాసన కొట్టే కాప్రోయిక్ ఆమ్లాన్ని విడుస్తుంది. 1948లో బోర్న్‌స్టైన్, బార్కర్ దీని అవసరాలు తేల్చారు. ఆల్కహాల్, ఎసిటేట్, కార్బన్ డయాక్సైడ్, లవణాలు, ఆపైన బయోటిన్, పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం అనే రెండు విటమిన్లు ఉంటే చాలు. కొవ్వు ఆమ్లాలు ఎలా తయారవుతాయన్న రహస్యం ఈ జీవి ద్వారానే మొదట వీడింది. 1958లో బార్కర్ బృందమే మరో అవాయు జీవి గ్లూటమిక్ ఆమ్లాన్ని పులియబెట్టే తీరు చూస్తూ విటమిన్ బి12 సహఎంజైమ్‌ను కనుగొంది.

ఆవు పొట్ట చెప్పిన పాఠం

వీళ్లందరి జాబితాలూ చేతికొచ్చినా పశువుల మొదటి పొట్టలోని బాక్టీరియా మాత్రం లొంగలేదు. అమెరికాలో రాబర్ట్ హంగేట్ దీనికోసం ఏళ్ల తరబడి కష్టపడి, 1950లో తన పద్ధతిని సమగ్రంగా ప్రకటించారు. మీడియంను మరిగిస్తూ, కాలుతున్న రాగి మీదుగా పంపి ఆక్సిజన్ తొలగించిన కార్బన్ డయాక్సైడ్‌ను పైన ఊదుతూనే చల్లార్చి, గొట్టాల్లో పోసి రబ్బరు బిరడా బిగించారు. సిస్టీన్, సోడియం సల్ఫైడ్ కలిపారు. రెజాజురిన్ అనే రంగు వేశారు. గొట్టం గులాబీ రంగుకు తిరిగితే గాలి దూరినట్టు, రంగు లేకపోతే భద్రమైనట్టు. కరిగిన అగర్‌లో నమూనా వేసి, గొట్టాన్ని మంచు నీళ్లలో పడుకోబెట్టి దొర్లిస్తే లోపలి గోడకు పలుచని పొరలా అగర్ అంటుకుంటుంది. కాలనీలు ఆ పొరలో మొలుస్తాయి.

గాలి సమస్య అలా తీరింది. అయినా మీడియంలో పొట్ట రసం పోయనిదే చాలా జీవులు పెరగలేదు. ఆ రసంలో ఏముంది? మేరీలాండ్‌లోని బెల్ట్స్‌విల్‌లో మార్విన్ బ్రయంట్, డోయెట్ష్ 1955లో జవాబిచ్చారు. పీచును అరిగించే ముఖ్యమైన బాక్టీరియాకు ఐసోబ్యుటిరిక్, 2-మిథైల్‌బ్యుటిరిక్ వంటి కొమ్మల గొలుసు ఆమ్లాలు కావాలి. అంటే స్టిక్లండ్ చర్యలో ఒక జీవి విడిచిన కంపు ఆమ్లమే ఇంకో జీవికి ప్రాణాధారం. అది ఆ ఆమ్లాన్ని తిరిగి అమైనో ఆమ్లంగా మలుచుకుంటుంది. ఒకరి పెరట్లోని పేడ ఇంకొకరి పొలానికి ఎరువైనట్టు ఆ పొట్టలో లావాదేవీ నడుస్తోంది. మన గేదె గడ్డి తిని పాలివ్వడం వెనక ఈ దుర్వాసన ఆమ్లాల బదలాయింపు ఉంది. 1966లో కాల్డ్‌వెల్, బ్రయంట్ పొట్ట రసం బదులు కొవ్వు ఆమ్లాల మిశ్రమం, హీమిన్, చక్కెరలు, ఈస్ట్ సారం వేసి మీడియం తయారుచేశారు. ఏ పశువు రసం పోశామో, అది నిన్న ఏం మేసిందో అన్న అనిశ్చితి దాంతో చాలావరకు తొలగిపోయింది.

నెత్తురు, విటమిన్ కె, గంధకం

మనిషి నోట్లో, పేగులో ఉండే కంపు జీవులకు ఇంకో రకం లోటు ఉంది. చిగుళ్ల జబ్బులో కనిపించే నల్ల కాలనీల బాక్టీరియాను 1921లో ఆలివర్, వెర్రీ వేరు చేశారు. నెత్తురు కలిపిన అగర్ మీద కూడా అవి ఇతర బాక్టీరియా పక్కనుంటేనే సరిగా పెరిగేవి. పక్కవాడు ఇస్తున్నదేమిటో దశాబ్దాలపాటు తెలియలేదు. 1960లో గిబ్బన్స్, మెక్‌డొనాల్డ్ ఆ చిక్కు విప్పారు. హీమిన్, విటమిన్ కె వేస్తే ఆ జాతుల్లో కొన్ని ఒంటరిగానే పెరిగాయి. హీమ్‌ను తమంతట తాము తయారుచేసుకోలేని ఈ జీవులు నెత్తురు కారే చిగుళ్లనే ఎందుకు పట్టుకుంటాయో దాంతో అర్థమైంది. ఇవాళ అవాయు ప్లేట్లు పోసేటప్పుడు మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాముల హీమిన్, 1 మైక్రోగ్రాము విటమిన్ కె కలపడం మామూలు ఆనవాయితీ. నోటి దుర్వాసనకు ముఖ్య కారణం సిస్టీన్, మెథియోనిన్‌ల నుంచి పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్కాప్టాన్ అని జోసెఫ్ టాన్‌జెటిచ్ 1977లో సమీక్షించి చూపారు.

అవాయు జీవులన్నీ ఇలా గారాబంగా ఉంటాయనుకుంటే పొరపాటు. కడుపులో చీముగడ్డలకు కారణమయ్యే బాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ గ్లూకోజ్, హీమిన్, విటమిన్ బి12, లవణాలు, కార్బన్ డయాక్సైడ్, సల్ఫైడ్, అమ్మోనియా ఉంటే చాలు పెరుగుతుందని 1974లో వారెల్, బ్రయంట్ తేల్చారు. అమైనో ఆమ్లాల పళ్లెం దానికి అక్కర్లేదు.

మురుగు కంపుకు కారణమైన సల్ఫేట్ క్షయకరణ బాక్టీరియా కథ వేరు. 1895లో బైయరింక్ వీటిని మొదట పట్టుకున్నారు. ఇవి సల్ఫేట్‌ను ఊపిరిలా వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ విడుస్తాయి. ఇంగ్లండ్‌లో జాన్ పోస్ట్‌గేట్ 20వ శతాబ్దం నడుమ వీటికి లాక్టేట్, సల్ఫేట్, ఈస్ట్ సారం, ఫెర్రస్ లవణం కలిపిన మీడియాలను స్థిరపరిచారు. సీసా నల్లబడితే జీవి ఉన్నట్టే. చమురు బావులు, నీటి గొట్టాలు తుప్పుపట్టే చోట ఇంజనీర్లు ఇప్పటికీ ఆ నలుపునే చూస్తారు. అయితే లాక్టేట్ తినే వాటినే పెంచుతూ అన్నీ అదే తింటాయనుకున్న భ్రమను 1970ల చివర జర్మనీలో ఫెనిగ్, విడెల్ తొలగించారు. ఎసిటేట్, ప్రొపియోనేట్, పొడుగాటి కొవ్వు ఆమ్లాలు పెట్టి చూస్తే సముద్రపు బురద నుంచి అంతదాకా ఎవరూ చూడని జాతులు బయటికొచ్చాయి. మనం పెట్టిన మేతకు వచ్చినవాళ్లనే మనం లెక్కిస్తాం. మేత మారిస్తే జనాభా లెక్క మారిపోతుంది.

లోహాల అవసరం కూడా ఇలాగే తేలింది. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతపు నల్ల బురదలో దొరికిన క్లాస్ట్రిడియం స్టిక్లండియై మీద పనిచేసిన థ్రెస్సా స్టాడ్‌మన్, గ్లైసిన్‌ను క్షయకరించే ఎంజైమ్‌కు సెలీనియం తప్పనిసరని టర్నర్‌తో కలిసి 1973లో ప్రకటించారు. మీడియంలో కొద్దిపాటి సెలినైట్ లేకపోతే ఆ ఎంజైమ్ పనిచేయదు. మన శరీరంలో సెలీనియం పాత్ర అర్థం చేసుకోవడానికి ఆ బురద జీవి దోహదపడింది.

వాసనే ఆనవాలు

1972లో వర్జీనియాలోని బ్లాక్స్‌బర్గ్ నుంచి హోల్డ్‌మన్, మూర్ ప్రకటించిన అవాయు ప్రయోగశాల కరదీపిక అప్పటిదాకా పోగుపడిన పోషణ జ్ఞానాన్ని ఒక చోట చేర్చింది. కల్చర్ విడిచిన కొవ్వు ఆమ్లాలను గ్యాస్ క్రోమటోగ్రఫీలో నడిపి జాతిని గుర్తించడం అందులో కీలకం. ముక్కు పట్టే వాసనను యంత్రం అంకెల్లోకి మార్చింది. లాస్ ఏంజెలెస్‌కు చెందిన సిడ్నీ ఫైన్‌గోల్డ్ 1977 నాటి తన గ్రంథంలో మనిషి వ్యాధుల్లో అవాయు జీవుల వాటాను వైద్యుల ముందు పరిచారు.

మేత, వాసన, వ్యాధి మూడూ కలిసేచోటుకు క్లాస్ట్రిడియం డిఫిసిల్ మంచి ఉదాహరణ. ఆసుపత్రుల్లో యాంటీబయాటిక్‌ల తర్వాత ప్రాణాంతక విరేచనాలు కలిగించే ఈ జీవికి కనీసంగా సిస్టీన్, ఐసోల్యూసిన్, ల్యూసిన్, ప్రోలిన్, ట్రిప్టోఫాన్, వేలిన్ అనే ఆరు అమైనో ఆమ్లాలూ, బయోటిన్, పాంటోథెనేట్, పిరిడాక్సిన్ అనే మూడు విటమిన్లూ కావాలని 1995లో జపాన్ శాస్త్రవేత్తలు చూపారు. టైరోసిన్ నుంచి ఇది పారా క్రెసాల్ తయారుచేస్తుంది. దాని ప్లేటు గుర్రపుశాల వాసన వేస్తుంది. 2012లో ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండేళ్ల బీగిల్ కుక్క క్లిఫ్‌కు ఆ వాసన నేర్పితే, మల నమూనాల్లోనే కాక వార్డులో పడుకున్న రోగుల దగ్గరా చాలామటుకు సరిగ్గా గుర్తుపట్టింది. బ్రీగర్ 1877లో చూసిన స్కటోల్‌ను తయారుచేసే ఎంజైమ్ మాత్రం 2018 దాకా దొరకలేదు. అది ట్రిప్టోఫాన్ నుంచి పుట్టిన ఇండోల్ ఎసిటిక్ ఆమ్లంపై పనిచేస్తుందని, ఆక్సిజన్ తగిలితే పాడైపోయే రకమని అప్పుడే తెలిసింది.

ఈ కథ ముగియలేదు. 2012లో మార్సెయ్‌లో దిదియే రవూల్ బృందం మనిషి మలాన్ని 212 రకాల పరిస్థితుల్లో పెంచి మూడు వందలకు పైగా జాతులను వేరు చేసింది. అందులో పశువుల పొట్ట రసం, గొర్రె నెత్తురు మళ్లీ కీలకమయ్యాయి. 2019లో అమెరికాలో, గాబా అనే పదార్థం లేనిదే పెరగని పేగు బాక్టీరియాను ఒక బృందం వర్ణించింది. దానికి గాబా ఇచ్చేది పక్కనున్న బాక్టీరాయిడిస్. అంతకు దాదాపు అరవై ఏళ్ల ముందు గిబ్బన్స్, మెక్‌డొనాల్డ్ గుట్టు విప్పిన పొరుగువారి సాయం లాంటిదే ఇది.

మన గడప దగ్గర

ధనుర్వాతం టీకా తయారీ అంటే అవాయు జీవికి సరైన మేత పెట్టి విషం పుట్టించి, దాన్ని నిర్వీర్యం చేయడమే. హార్వర్డ్‌లో మ్యుల్లర్, మిల్లర్ 1940, 50లలో మాంసం బదులు కేసిన్ జీర్ణ ద్రవంతో, లెక్క తప్పని ఇనుముతో ఆ మీడియంను తీర్చిదిద్దారు. 1953లో మొదలైన హైదరాబాద్ సంస్థ బయోలాజికల్ ఇ ధనుర్వాతం టీకా తయారుచేస్తోంది. కాన్పు గదుల్లో తల్లీబిడ్డల ప్రాణాలు కాపాడుతున్న సూది వెనక ఈ మేత జ్ఞానమంతా ఉంది.

అదే జ్ఞానం మన ఆసుపత్రి ప్రయోగశాలల్లో చాలాచోట్ల వాడకంలో లేదు. కంపుకొట్టే చీమును దూది పుల్లతో తీసి, గాలిలో తిప్పి, మామూలు ప్లేటు మీద గీస్తారు. రెండు రోజుల తర్వాత ఏమీ పెరగలేదని రిపోర్టు ఇస్తారు. వెయోన్, జుబేర్ 1898లో చెప్పింది 125 ఏళ్లు దాటాక కూడా మనకు అందలేదు. రోగికి అవాయు జీవుల మందు అంచనాతోనే పడుతుంది. ఏ జీవి ఉందో, ఏ మందుకు లొంగదో ఎవరికీ తెలియదు.

దీన్ని సరిచేయడానికి గ్లవ్ బాక్సు కొనేదాకా ఆగనక్కర్లేదు. సర్జన్లు చీమును సిరంజితో తీసి వెంటనే పంపాలి. ప్రయోగశాల ఉడికించిన మాంసం సీసాను వాడే ముందు మరిగించి చల్లార్చి, నమూనాను తునకల అడుగున వదలాలి. నెత్తురు ప్లేట్లలో హీమిన్, విటమిన్ కె కలపాలి. ఒక జాడీ, ఒక గ్యాస్ ప్యాకెట్ చాలు. మైక్రోబయాలజీ అధ్యాపకులు ఈ మీడియాలను తయారుచేయడం విద్యార్థుల చేత ఒక్కసారైనా చేయించాలి. పట్టికలోని ఒక్కో దినుసు ఎందుకు వచ్చిందో వాళ్లకు చెప్పాలి. అవాయు కల్చర్ లేని ఆసుపత్రిలో కంపుకొట్టే పుండుకు రోగ నిర్ధారణ సగమే జరిగినట్టు.